ఆఖరు అనని జనరల్

కొత్త డివిజన్ కమాండర్ మా దండు ఊరికి వచ్చిన వారంలోపే రొట్టెల కొట్టు ముందు నా చేత చీవాట్లు తిన్నాడు. ఆయన కమాండర్ అని నాకేం తెలుసు? పాత పొట్టికోటు, చేతిలో వలసంచి, చెవుల దాకా లాక్కున్న ఉన్ని టోపీ. గ్యాసు పొయ్యిలు బాగుచేయడానికి ఎవరో వచ్చాడు కాబోలు అనుకున్నాను. మా దగ్గర వరసలో చేరేవాళ్ళు ముందు ఆఖరి మనిషెవరో అడుగుతారు. ఈయన వచ్చి నా వెనక నిలబడి, "కొస ఎవరండీ?" అన్నాడు.

నేను ఆ ఊరి బడిలో భాష చెప్పేదాన్ని. తప్పు మాట వింటే చెవిలో చీమ దూరినట్టే నాకు. అందులోనూ ఈ తప్పు! మా ఊళ్ళో సైనికులెవరూ 'ఆఖరు' అనరు. వాళ్ళకి ఆఖరి రైలుండదు, ఆఖరి సిగరెట్టుండదు, ఆఖరి ముద్దు కూడా ఉండదు. అన్నీ కొసవే. ఆఖరు అంటే నిజంగానే అదే ఆఖరవుతుందని భయం. వాళ్ళని చూసి పెళ్ళాలు, పెళ్ళాల్ని చూసి పిల్లలు. పరీక్ష కాగితాల్లో కూడా 'వాక్యంలో కొస పదం' అని రాసేవాళ్ళంటే ఇక చెప్పేదేముంది.

"కొస తాడుకి ఉంటుంది నాయనా, తువ్వాలుకి ఉంటుంది. వరసకి ఉండేది ఆఖరు. ఏ బడిలో చదివావు నువ్వు?" అన్నాను.

"వ్యాత్కా అవతల పల్లెటూరి బళ్ళోనండీ. మా టీచరమ్మ కూడా ఇదే మాట అనేది."

"మరి ఆవిడ చెప్పింది చెవికెక్కలేదా?"

"ఎక్కింది. కానీ ఆవిడ ఎప్పుడూ ట్యాంకులో కూర్చోలేదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా.

కొట్టు జింకా గల్లాపెట్టె వెనక నుంచి నాకు కళ్ళతో ఏదో చెబుతోంది. నేను పట్టించుకోలేదు. మర్నాడు బడి ముందు కవాతు జరిగితే, అదే మనిషి కల్నల్ భుజపట్టీలతో, తలమీద బూడిదరంగు గొర్రెపిల్ల తోలు టోపీతో వచ్చి వేదిక ఎక్కాడు. ప్రోహర్ సవేల్యెవిచ్ ఉషాతొవ్. నేను ఏడో తరగతి పిల్లల వెనక దాక్కున్నాను. ఆయన చూడనే చూశాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గోర్దేయ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. డివిజన్ గిడ్డంగిలో బూట్లకీ దుప్పట్లకీ కాపలా ఆయన ఉద్యోగం. ఊళ్ళో కబుర్లు బూట్ల కంటే ముందు ఆయన దగ్గరికే చేరేవి. "కమాండర్ చేతికి పలకా బలపం ఇచ్చావుటగా, ఫాయా! ఇక మనల్ని ఉత్తర ధ్రువానికి పంపిస్తారు. అక్కడ వరసలుండవు, హాయిగా ఉండొచ్చు" అన్నాడు.

ఉత్తర ధ్రువానికి పంపలేదు సరికదా, ఉషాతొవ్‌లు మా మెట్ల దారిలోనే, మా కింద ఇంట్లోనే దిగారు. మొదటిసారి తలుపు కొట్టింది ఆయన భార్య కపితోలీనా. సన్నగా, పొడుగ్గా, చేతిలో తడిగుడ్డలో చుట్టిన చిన్న పుల్లలతో నిలబడి ఉంది.

"మా ఆయన్ని తిట్టిన టీచరమ్మ మీరేనా?" అంది.

నేనేనన్నట్టు తలూపాను.

"రండి, టీ తాగుదాం. నేను పాతికేళ్ళుగా తిడుతున్నాను ఆ మాటకే. ఇవాళ్టికి తోడు దొరికింది" అంది.

అలా మొదలైంది మా స్నేహం; కపితోలీనా నాకు కాపా అయింది. ఆయన జీవితం నాకు తెలిసింది కూడా కాపా నోటి నుంచే, చెర్రీ పళ్ళ జాము నంజుకుంటూ టీ తాగిన ఆ వంటింట్లోనే.

ప్రోహర్ తండ్రి ఇటుక పొయ్యిలు కట్టే మేస్త్రీ. ఇంటింటికీ తిరిగి పొయ్యి కట్టి, మొదటి పొగ గొట్టంలోంచి నిటారుగా లేస్తే టోపీ తీసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడట. కొడుకు ట్యాంకుల బడిలో చేరతానంటే, "ఇనప పొయ్యిలో కూర్చుంటావన్నమాట" అన్నాడట, అంతే. ప్రోహర్ లెఫ్టినెంట్ అయ్యాడు. దండు గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కాపాని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది తీహన్ అని ఇంకో లెఫ్టినెంట్. ఒకే బడి, ఒకే గది, ఒకే సబ్బు పంచుకున్న స్నేహితుడు.

పెళ్ళైన తర్వాతి వేసవిలో నది దాటే సాధన పెట్టారు. ట్యాంకుకి గాలి గొట్టం బిగించి, నీటి అడుగున, నది మట్టి మీద నడుపుకుంటూ అవతలి ఒడ్డుకి చేరాలి. ప్రోహర్ ముందే దాటేశాడు. తీహన్ జేబులో సెలవు కాగితం ఉంది, సాయంత్రం రైలు. మూత వేసుకునే ముందు అవతలి ఒడ్డున ఉన్న ప్రోహర్‌ని ముద్దుపేరుతో కేకేశాడట: "ప్రోషా! ఇదే నా ఆఖరి మునక! సంచీ సర్దిపెట్టు!"

నది నడుమ ఇంజను ఆగింది. గాలి గొట్టం మాత్రం నీటి పైన నిలబడి ఉంది. ప్రోహర్ ఒడ్డున నిలబడి దాన్నే చూస్తూ ఉన్నాడు. గొలుసులు వేసి పైకి లాగేసరికి ఆలస్యమైపోయింది. సంచీ ఆయనే సర్ది, ఆయనే రైలెక్కి, తీహన్ తల్లికి ఇచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆ మాట ఆయన నాలుక మీదికి రాలేదు. మిగతా సైనికులకి అది అలవాటు. ఆయనకి మాత్రం కాదు.

అది తెలిశాక నేను ఆయన్ని మళ్ళీ దిద్దలేదు. ఆయనే నన్ను మెట్ల మీద ఆపి ఆటపట్టించేవాడు: "ఫాయినా లుకీనిచ్నా, చెత్త డబ్బా కొసమెట్టు మీద పెట్టాను. తప్పా రైటా?"

"మెట్టుకైతే రైటే" అనేదాన్ని, పళ్ళు కొరుక్కుంటూ.

ఇక కాపా పుల్లల సంగతి. అవి ఆమె పుట్టింటి అంతోనొవ్కా రకం ఆపిల్ చెట్టు కొస రెమ్మలు. అంటుకట్టడం వాళ్ళ నాన్న నేర్పాడు. మా సైన్యంలో పై హోదా వచ్చి భుజపట్టీకి కొత్త నక్షత్రం వస్తే దాన్ని కడగాలి. గాజు గ్లాసు నిండా వోద్కా పోసి, అందులో నక్షత్రం వేసి, గుక్కలో తాగి, పళ్ళతో నక్షత్రాన్ని పట్టుకుని పైకి చూపించాలి. ప్రోహర్ నక్షత్రం కడిగినప్పుడల్లా వెనకాలే బదిలీ వచ్చేది. బదిలీ వచ్చినప్పుడల్లా కాపా పుట్టింటికి వెళ్ళి ఆ చెట్టు కొస రెమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, కొత్త ఊళ్ళో దొరికిన అడవి ఆపిల్ మొక్కకి అంటుకట్టేది. బైకాల్ అవతల చలికి మాడింది. తుర్క్‌మెన్ ఇసకలో ఒంటె తినేసింది. జర్మనీలో చక్కగా పెరిగి, గుత్తులు గుత్తులుగా పూసింది. ఆ పూత రాలకముందే మేజర్ ఉషాతొవ్ కాస్తా లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు.

"నా చెట్టు కాయలు ఎక్కడెక్కడి జనమో తిన్నారు, ఒక్క నేను తప్ప" అనేది కాపా. పిల్లలు లేరు వాళ్ళకి. ఆ మాట నవ్వుతూనే అనేది కానీ, నేను టీ కప్పులోకి చూసుకునేదాన్ని.

ప్రతి బదిలీకీ ఆయన ఒకటే మాట: "ఇదే కొస, కాపా. దీని తర్వాత ఎక్కడికీ కదలం."

"కొస అంటావు. కొస తర్వాత ఇంకో కొస ఉంటుంది. ఒక్కసారి ఆఖరు అను ప్రోషా. అన్నావంటే నమ్ముతాను" అనేది ఆమె. ఆయన అనేవాడు కాదు. పోనీ అబద్ధమైనా ఆడవచ్చు కదా మగవాడు! అదీ రాదు ఆయనకి.

మా ఊళ్ళో తన కిటికీ కింద అంటుకట్టింది. మర్నాడే జింకా మేకపిల్ల దాన్ని వాసన చూస్తుంటే చీపురుతో తరిమి, చుట్టూ పాత మంచం కమ్ములు పాతింది. రెండేళ్ళకి ఉషాతొవ్ జనరల్ అయ్యాడు. ఊరంతా వచ్చి నక్షత్రం కడిగారు. పెద్ద నక్షత్రం, పళ్ళకి సరిగ్గా చిక్కక ఆయన మీసాల్లో ఇరుక్కుంది. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. కాపా వంటింట్లో దోసకాయ ఊరగాయ తరుగుతూ, "చూస్తూ ఉండు ఫాయా, ఇక పెట్టెలు దించమంటాడు" అంది.

కానీ ఆ ఏడు రాలేదు బదిలీ. ఆ పై ఏడూ రాలేదు. దేశమే ముక్కలై మారిపోయింది ఈలోగా. జీతాలు ఎప్పుడొస్తాయో తెలీదు. జర్మనీ నుంచి తిరిగొచ్చిన రెజిమెంట్ ఒకటి మా అడవి అంచున గుడారాల్లో చలికాలం గడిపింది. జనరల్ తన ఇంటి ముందు గదిలో ముగ్గురు పిల్లలున్న ఒక కెప్టెన్ కుటుంబాన్ని పెట్టుకున్నాడు. తండ్రి నేర్పిన పని మర్చిపోలేదేమో, గుడారాల్లో తనే మోకాళ్ళ మీద కూర్చుని ఇటుక పొయ్యిలు కట్టాడు. జనరళ్ళు తొడిగే ఎర్ర చారల ప్యాంటు నిండా బంకమట్టి. "ఎవరో పొయ్యిల మనిషి అని నేను ముందే అనుకున్నాను కదా" అన్నాను. "మీ కన్ను గొప్పదండీ, చెవే కాస్త..." అన్నాడు.

చెట్టు మాత్రం కిటికీ ఎత్తు పెరిగింది. ఒక మే నెలలో పూసింది. కాపా కిటికీ తీసి ఊరికే అలా నిలబడిపోయేది. సరిగ్గా అప్పుడే వచ్చింది కబురు. దూర తూర్పున, ఆమూర్ నది దగ్గర సైన్యానికి అధిపతిగా వెళ్ళాలి. జనరల్‌గా రెండో నక్షత్రం ఖాయం. ఆయన చెప్పేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. లేచి వెళ్ళబోతే కాపా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"రెండేళ్ళు, కాపా. రెండో నక్షత్రం పెట్టుకుని దిగిపోతాను. ఇదే కొస."

"ఏమన్నావు?"

"కొస అన్నాను."

"ఫాయా సాక్షిగా అడుగుతున్నాను. ఆఖరు అను. ఈ పూటే పెట్టెలు దించుతాను. ఆ నది ఒడ్డుకే కాదు, నది అడుక్కి రమ్మన్నా వస్తాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం పాలిపోయింది. కప్పుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పెదాలు కదిలాయి కూడా.

"అనలేను కాపా."

"అయితే నువ్వెళ్ళు. నేను నా చెట్టు కాయ తిన్నాక వస్తాను. ఈసారి తినకుండా కదిలేది లేదు."

వెళ్ళే రోజు, ఆనవాయితీ ప్రకారం ప్రయాణానికి ముందు అందరం మాట్లాడకుండా కాసేపు కూర్చున్నాం. ఆయన పెట్టె మీద, నేనూ గోర్దేయ్ బల్ల మీద. కాపా కూడా కూర్చుంది, కానీ కాళ్ళకి ఇంటి చెప్పులున్నాయి. ఆయన ఆ చెప్పుల వంకే చూస్తున్నాడు. అన్నేళ్ళలో ఆయన ఒంటరిగా బయలుదేరడం అదే మొదలు.

పూత రాలి పిందెలు కట్టాయి. కాపా చిక్కిపోసాగింది. ఎండలంది, ఆకలి లేదంది. జులైలో సైనిక ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు నన్ను బయటికి పంపబోతే, "టీచరుండాలి. నాకు అర్థం కాని మాటలు విడమర్చి చెబుతుంది" అంది. విడమర్చడానికేమీ లేకపోయింది. క్యాన్సరు కాలేయం దాకా పాకిపోయింది. కోసినా లాభం లేదన్నారు.

బస్సులో తిరిగొస్తూ, "ప్రోషాకి ఫోన్ చెయ్యి. దాచకు. కానీ రమ్మని మాత్రం అనకు" అంది.

తపాలా కార్యాలయంలో అద్దాల గదిలో నిలబడి ఆమూర్‌కి కలపమన్నాను. సాధన మైదానంలో ఉన్నారన్నారు. మర్నాడు ఆయనే పిలిచాడు. తీగలో సముద్రం ఘోషలా హోరు.

"ఫాయినా లుకీనిచ్నా, సూటిగా చెప్పండి."

"సూటిగానే చెబుతున్నాను. చెట్టు మీద కాయలున్నాయి. కాపా మంచం మీద ఉంది. ముందు ఏది రాలుతుందో డాక్టరుకే తెలీదు."

"అర్థమైంది" అన్నాడు. సైన్యంలో ఆజ్ఞ అందుకున్నవాడు అనే మాట అది.

గోర్దేయ్ అన్నీ ఆరా తీశాడు. రెండో నక్షత్రం కాగితం రాజధానిలో బల్ల మీదికి వెళ్ళిందట, ఇక సంతకమే తరువాయట. శీతాకాలం దాకా ఆగమని పైవాళ్ళు బతిమాలారట. "పిచ్చివాడు, సెలవు పెట్టి రావచ్చుగా! రాజీనామా ఎందుకు?" అన్నాడు గోర్దేయ్. అని, ముక్కు చీదుకుంటూ బూట్లు సర్దుకోడానికి పోయాడు.

సరుకుల విమానంలో వచ్చి, అక్కడి నుంచి బంగాళాదుంపల లారీ ఎక్కి వచ్చాడు ఆయన. నేను కాపాకి జావ తాగిస్తున్నాను. తలుపు దగ్గర నిలబడ్డాడు, ఒంటి నిండా దుమ్ముతో, టోపీ చేతిలో పట్టుకుని. నాకు ఒక్క క్షణం ఆ పాత పొట్టికోటు మనిషే అనిపించాడు.

"వచ్చావా" అంది కాపా. "ఎన్నాళ్ళు సెలవు?"

"సెలవు కాదు. దిగిపోయాను." గొంతు సవరించుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు నిలబడినట్టు చేతులు ప్యాంటు చారల మీద ఆనించాడు. "కాపా, ఇక బదిలీ లేదు. ఇదే... ఇదే ఆఖ..."

కాపా మంచం మీంచి అంత వేగంగా లేవగలదని నేననుకోలేదు. జావగిన్నె దొర్లిపోయింది. వెళ్ళి ఆయన నోటిమీద అరచెయ్యి పెట్టేసింది.

"వద్దు ప్రోషా! వద్దు. ఇప్పుడనకు."

"ముప్పయ్యేళ్ళు అడిగావు కదే..."

"అడిగాను. పిచ్చిదాన్ని. కొస అను."

ఆయన కళ్ళు తిరుగుతున్నవాడిలా నా వంక చూశాడు, ఏది రైటో చెప్పమన్నట్టు. నేను కింద ఒలికిన జావ తుడుస్తున్నాను. తల ఎత్తలేదు.

"కొస, కాపా" అన్నాడు.

"ఆఁ, అలాగ" అంది ఆమె. "కొస రెమ్మలోంచే కదా నేను ఎప్పుడూ అంటుకట్టింది." అలాగే ఆయన మీద వాలిపోయింది.

సెప్టెంబర్ దాకా ఉంది. కాయలు పచ్చగా, కాస్త పసుపు తిరిగి, ఇల్లంతా వాసన. ఆయన నిచ్చెన వేసుకుని తెంపి, సన్నటి ముక్క కోసి నోటికందించాడు. కాపా నమిలింది. ముఖం చిట్లించింది.

"అమ్మో, పులుపు! చిన్నప్పుడు ఇంత పులుపనిపించలేదే! దీనికోసమా నేను ఏళ్ళతరబడి ఏడ్చింది! పాపం, ఆ జర్మన్లు ఏమయ్యారో తిని!"

నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగి ఆగిపోయాడు. ఇంకో ముక్క ఇమ్మంది కాపా.

తొలి మంచు పడినప్పుడు పోయింది. చనిపోయినవాళ్ళకి పూలు సరి సంఖ్యలో పెట్టాలి. ఆయన మాత్రం చేతిలో ఒకే ఒక్క కొమ్మతో వచ్చాడు, ఆకులు రాలిన ఆపిల్ కొమ్మ. ఎవరో ముసలమ్మ "ఒకటి పెట్టకూడదు బాబూ, బతికున్నవాళ్ళకిస్తారు ఒకటి" అంది. "తెలుసమ్మా" అన్నాడు. అదే పెట్టాడు. ఆచారం ప్రకారం ఇంట్లో ఆమె పటం ముందు వోద్కా గ్లాసు, దాని మీద నల్ల రొట్టె ముక్క నలభయ్యో రోజు దాకా ఉన్నాయి. ఆ గ్లాసు నక్షత్రాలు కడిగిన గ్లాసే.

తర్వాత ఆయన ఎక్కడికీ పోలేదు. రాజధానిలో ఇల్లిస్తామంటే వద్దన్నాడు. బదిలీ మీద పోయే అధికారుల పెళ్ళాలు వసంతానికి ముందు తలుపు కొట్టేవారు. కొస రెమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చేవాడు. "పుల్లగా ఉంటాయి. ముందే చెబుతున్నాను" అనేవాడు. యూనిఫారం మళ్ళీ తొడగలేదు. చూసినవాళ్ళు మళ్ళీ పొయ్యిల మనిషే అనుకునేవారు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున రొట్టెల బండి ఆలస్యంగా వచ్చింది. కొట్టు ముందు పెద్ద వరస. నేను ముందే వచ్చి నా రొట్టె తీసుకుని బయటికొస్తున్నాను. ప్రోహర్ సవేల్యెవిచ్ వరస చివర నిలబడి ఉన్నాడు, అదే పొట్టికోటు, అదే వలసంచి. అప్పుడే ఒక కుర్ర లెఫ్టినెంట్ భార్య పరుగెత్తుకొచ్చింది. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల, ఇంకా మా ఊరి మాట పట్టుబడలేదు. "ఆఖరు ఎవరండీ?" అంది.

"నేనే తల్లీ" అన్నాడు ఆయన. "నేనే ఆఖరు."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఆ మాటలో ఇక ఆయన్ని భయపెట్టేదేమీ మిగల్లేదు. ఆ భయమేదో నాకు పట్టుకుంది.

"కొస, ప్రోహర్ సవేల్యెవిచ్" అన్నాను. "కొస అనండి."

ఆయన తిరిగి చూశాడు. కళ్ళల్లో పాత కొంటెతనం ఓ మూల మెరిసింది. "టీచరమ్మా! మీరేనా తప్పు చెబుతోంది?"

"తప్పే" అన్నాను. "అయినా అనండి."

ఆయన నవ్వి, వలసంచిని చేతికి చుట్టుకున్నాడు, అంతే. ఆ పిల్ల మా ఇద్దరి వంకా వింతగా చూసి, ఏదో గుర్తొచ్చినట్టు పర్సు కోసం ఇంటికి పరుగెత్తింది. ఆయన వెనక మళ్ళీ ఎవరూ లేరు. నా సంచిలో రొట్టె ఇంకా వేడిగానే ఉంది. వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.